ఆటోనగర్‌లో పవర్ స్టీరింగ్ పైపు వేయించాను: ఐదుకు నాలుగు మార్కులు

కూర్చోవడానికి కుర్చీ లేదు. ఫోను చేస్తే ఎత్తరు. బిల్లు అడిగితే గీతల పుస్తకంలోంచి కాగితం చించి రాసిస్తారు. అయినా మా బ్యాంకులో ఎవరైనా ‘కారు కింద ఎర్రటి నూనె కారుతోంది, స్టీరింగ్ బరువెక్కింది’ అంటే నేను పంపించేది విజయవాడ ఆటోనగర్‌లోని ఈ హోస్ పైపుల దుకాణానికే. వేసిన నాలుగు మార్కులూ ఎందుకో, కోసిన ఒక్కటీ ఎందుకో చెబుతాను.

దుకాణం పేరు, నంబరు పెట్టడం లేదు. పెట్టవద్దని యజమానే అన్నారు. ఎత్తే తీరిక లేని ఫోనుకు నంబరెందుకన్నది ఆయన లెక్క. ఆటోనగర్ గేటు లోపలికి వెళ్లి, లారీలకు కమాను కట్టలు వేసే షెడ్ల వరస దాటితే, గుమ్మం పైన నల్ల గొట్టాలు చుట్టలు చుట్టలుగా వేలాడుతూ కనిపిస్తాయి. ఆ వరసలో ‘హోస్ పైపుల బాబాయి ఎక్కడ’ అని ఎవరిని అడిగినా చూపిస్తారు. అసలు వ్యాపారం కార్లది కాదు. జేసీబీలు, టిప్పర్ లారీల జాకీలు, వరికోత యంత్రాలు ఆయనకు అన్నం పెట్టేవి. కార్లు మధ్యలో వచ్చే చిల్లర పని. అందుకే నవంబరు, డిసెంబరు నెలల్లో, అంటే డెల్టాలో కోతలు సాగుతున్నప్పుడు, కారు తీసుకువెళ్లవద్దు. పొలంలో ఆగిపోయిన కోతయంత్రం తాలూకు పైపు భుజాన వేసుకుని వచ్చిన రైతు ముందుంటే మీ కారును ఎవరూ పట్టించుకోరు. అలా పట్టించుకోకపోవడమే న్యాయం కూడా.

ఇది ఎవరికి అక్కరకొస్తుందో కూడా చెప్పాలి. స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, ఐ20 వంటి బండ్లలో స్టీరింగ్‌కు సాయం చేసేది కరెంటు మోటారు. వాటిలో నూనె లేదు, పైపులూ లేవు. ఆ బండ్ల వాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు. పాత ఇన్నోవా, బొలేరో, స్కార్పియో, తవేరా, పవర్ స్టీరింగ్ ఉన్న ఇండికా లాంటి వాటిలో ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు నూనెను తోస్తుంది. ఆ ఒత్తిడే ముందు చక్రాలు తిప్పడంలో మన చేతికి సాయపడుతుంది. పంపు నుంచి ర్యాక్‌కు, అంటే చక్రాలను అటూ ఇటూ తిప్పే భాగానికి, పోయేది ప్రెజర్ పైపు. ర్యాక్ నుంచి నూనె డబ్బాకు తిరిగి వచ్చేది రిటర్న్ పైపు. డబ్బా నుంచి పంపుకు దిగేది సక్షన్ పైపు. మూడూ చూడటానికి నల్ల రబ్బరు గొట్టాలే గానీ పడే కష్టంలో పోలిక లేదు. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి పట్టుకుంటే ప్రెజర్ పైపులో 70 నుంచి 100 బార్ దాకా ఒత్తిడి లేస్తుంది. కారు టైరులో మనం కొట్టించే గాలి రెండున్నర బార్ కూడా ఉండదని గుర్తుంచుకుంటే ఆ గొట్టం ఏ పాటి పని చేస్తోందో తెలుస్తుంది. రిటర్న్ పైపులో ఆ ఒత్తిడి ఉండదు, కానీ వేడి నూనె ఎప్పుడూ పారుతూనే ఉంటుంది.

మాది 2012 నాటి ఏడు సీట్ల డీజిల్ బండి. నడిపేది ఎక్కువగా నేనే. పటమటలో ఇల్లు, గుంటూరు బ్రాడీపేటలో అమ్మ వాళ్లిల్లు. వారధి దాటి మంగళగిరి, కాజ టోల్ గేటు మీదుగా హైవేపై వెళ్తున్నంతసేపూ స్టీరింగ్‌కు పెద్ద పని ఉండదు. దాని సత్తా తేలేది బ్రాడీపేట అడ్డరోడ్లలో. రెండు పక్కలా బైకులు, మలుపులో టిఫిన్ బండి, ఎవరి ప్రహరీకీ తగలకుండా ఈ పొడుగు బండిని నిలపాలంటే స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాల్సిందే. అలా తిప్పేటప్పుడే మూలుగు మొదలైంది. ముందు చిన్నగా గుయ్యిమనేది, తర్వాత వెనక సీట్లో అత్తయ్యగారికి కూడా వినిపించేంత. ఈలోగా మా అపార్ట్‌మెంటు సెల్లారులో టైల్స్ మీద ఎర్రటి మరక పడింది. వాచ్‌మన్ ఇసుక చల్లాడు, సెక్రటరీ గారు నోటీసు బోర్డుకు ఒక కాగితం అంటించారు. పేరు రాయలేదు గానీ ఏడు సీట్ల బండి అని రాశారు. ఉన్నది ఒక్కటే.

ఈ మరక రంగు మొదటి ఆధారం. మా బండిలో వాడేది డెక్స్రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసే రకం) నూనె, కొత్తగా ఉన్నప్పుడు ఎర్రగా ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ అయితే గోధుమ రంగులోనో నల్లగానో పడుతుంది. రేడియేటర్ నీరైతే ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉండి, చేతికి నూనెలా జిడ్డుగా తగలదు. తెల్ల అట్టముక్క ఒకటి రాత్రి బండి కింద పరిస్తే పొద్దున్నే చుక్క ఎక్కడ పడిందో, ఏ రంగో తెలిసిపోతుంది.

ముందు వెళ్లింది అన్ని కంపెనీల బండ్లూ చూసే ఒక పెద్ద గ్యారేజీకి. ఏసీ గది, కాఫీ యంత్రం, గాజు అద్దం వెనక నుంచి మన బండి కనిపించే ఏర్పాటు. గంట తర్వాత ఒక కాగితం తెచ్చారు: ర్యాక్ మొత్తం మార్చాలి, 38,500 రూపాయలు, కూలి అదనం, పంపు సంగతి తర్వాత చూడాలి. లీకు ఎక్కడుందో చూపించమన్నాను. ‘ర్యాక్ అంతా నూనె మేడమ్’ అన్నాడు ఆ కుర్రాడు. నూనె ర్యాక్ మీద ఉందా, ర్యాక్ లోంచి వస్తోందా అని అడిగితే, ‘సార్‌తో ఒకసారి మాట్లాడమంటారా’ అన్నాడు. మా ఆయనకు టైరు మార్చడం కూడా రాదు. ఇరవై ఏళ్లుగా లోను కాగితాలు చూస్తున్న చేతులు నావి. లెక్క ఎక్కడి నుంచి పుట్టిందో చూపించని కాగితం మీద సంతకం పెట్టే అలవాటు లేదు. బండి తీసుకుని వచ్చేశాను.

హోస్ పైపుల దుకాణంలో మొదట జరిగింది స్నానం. ‘ముందు కడగనివ్వు అమ్మాయ్, మురికి మీద ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది’ అన్నారు బాబాయి. డీజిల్‌లో ముంచిన బ్రష్షుతో పంపు దగ్గర నుంచి ర్యాక్ దాకా రుద్దించి, గుడ్డతో తుడిపించి, గాలి కొట్టించి ఆరబెట్టారు. తర్వాత అరలోంచి పిల్లలకు వేసే పౌడరు డబ్బా తీశారు. పైపుల మీద, అతుకుల మీద, ర్యాక్ పైన పల్చగా తెల్లగా చల్లారు. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి ఇంజిన్ ఆన్ చేయించి, అటూ ఇటూ నెమ్మదిగా తిప్పమన్నారు. చివరికి తిప్పాక అక్కడే పట్టుకుని ఉండవద్దని, వెంటనే కాస్త వదలమని రెండుసార్లు చెప్పారు. చివరన పట్టుకుని ఉంటే నూనె పోవడానికి దారి లేక పంపులోని రిలీఫ్ వాల్వు తెరుచుకుని, నూనె అక్కడక్కడే తిరుగుతూ క్షణాల్లో కాగిపోతుంది.

ఇంజిన్ ఆపించి, కిందికి రమ్మని టార్చి వేసి చూపించారు. ప్రెజర్ పైపులో రబ్బరు గొట్టం, ఇనుప గొట్టం కలిసే చోట లోహపు క్యాపు ఒకటి బిగించి ఉంటుంది. దాని అంచున తెల్లటి పౌడరు మధ్య ఆవగింజంత ఎర్రటి చుక్క. నేను చూస్తుండగానే అది ఉబ్బి, జారి, ఇనుప గొట్టం వంపు వెంట కిందికి పాకి ర్యాక్ మీద పడింది. పడిన చోటు నుంచి సన్నటి ఎర్ర దారి. 38,500 రూపాయల ర్యాక్ ఎలా తడిసిందో అప్పుడు అర్థమైంది. అంతటితో ఆగకుండా, ర్యాక్ చివర ఉండే రబ్బరు బూటు, అంటే మడతల తొడుగు, క్లిప్పు విప్పించి లోపల వేలు పెట్టి చూపించారు. పొడిగా ఉంది. ర్యాక్ సీలు పోతే నూనె ఆ బూటులో చేరుతుంది, పిసికితే గలగలమంటుంది. మీ బండికి ర్యాక్ పోయిందని ఎవరైనా అంటే ఆ బూటు విప్పి చూపించమనండి. రెండు నిమిషాల పని.

చుక్క కోసం వెతికేటప్పుడు ఇంజిన్ నడుస్తుండగా పైపుల వెంట చెయ్యి పెట్టి తడమకూడదు. సూదిమొనంత రంధ్రం లోంచి ఆ ఒత్తిడితో చిమ్మే ధార చర్మం లోపలికి దిగిపోతుంది. పైకి చిన్న గాయంలా కనిపించినా అది వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సంగతి. ఆయన షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడు చెయ్యి చాచగానే ఎంత గట్టిగా అరిచారంటే, నేను కూడా నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి, నేను నాలుగు మార్కులు వేసిన సంగతి. ఆయన దుకాణంలో మీటర్ల కొద్దీ స్టీలు తీగ అల్లిన హైడ్రాలిక్ గొట్టం ఉంది. జేసీబీలకు వేసేది అదే. మా పైపు కోసి దాన్ని బిగించి ఇస్తే అరగంటలో అయిపోయేది, నాకు తేడా తెలిసేది కాదు, గొట్టం పగిలేదీ కాదు. ఆయన వేయనన్నారు. పంపు నూనెను ఒకే ధారగా తోయదు, దడదడమని చిన్న చిన్న కొట్లుగా తోస్తుంది. కారు ప్రెజర్ పైపులో స్టీలు తీగ బదులు నైలాను దారం అల్లిక ఉంటుంది. ఒత్తిడికి అది కొద్దిగా ఉబ్బి, ఆ కొట్టును తనలో ఇముడ్చుకుంటుంది. కొన్ని బండ్ల పైపుల్లో ఆ చప్పుడు చంపడానికే లోపల ఇంకో సన్నటి గొట్టం కూడా పెడతారు. ఉబ్బని స్టీలు అల్లిక గొట్టం వేస్తే ఆ దడ అంతా స్టీరింగ్ దాకా వస్తుంది, పంపు మూలుగు ఎన్నటికీ పోదు. పైగా అది వంగదు. ఇంజిన్ ఊగినప్పుడల్లా ఇనుప గొట్టం మెడ మీద బరువు పడి, కొన్నాళ్లకు అక్కడ చిట్లుతుంది. ‘పగలలేదు కదా అని వేసేవాళ్లు ఈ వరసలోనే ఉన్నారు. వాళ్ల దగ్గరికి పోతావా?’ అని అడిగారు. తాను వేయబోయే గొట్టం మీద అచ్చు వేసి ఉన్న వరసను టార్చి వెలుగులో చదివించారు. ఎస్ఏఈ జె188 అని ఉంది. పవర్ స్టీరింగ్ ప్రెజర్ గొట్టాల్లో ఉబ్బే రకానికి ఉన్న ప్రమాణం అది. రిటర్న్ గొట్టానికి జె189. ఎక్కడ వేయించుకున్నా ఆ అచ్చు చూసి తీసుకోండి.

కంపెనీ పైపు కావాలంటే తెప్పించుకోవచ్చని ముందే చెప్పారు. వాకబు చేస్తే మా మోడలుకు 9,200 రూపాయలు, వారం పైగా ఆగాలి అన్నారు. బండి ఏడాది, రెండేళ్ల పాతదై ఉంటే నేను దానికే వెళ్లేదాన్ని. ఈ వయసు బండికి పాత ఇనుప చివరలు అట్టే పెట్టి మధ్య గొట్టం, రెండు క్యాపులు కొత్తవి వేయించడమే సరైన లెక్క అనిపించింది. ఇనుప చివరల మీద తుప్పు గుంటలు పడి ఉంటే మాత్రం ఈ పని చేయనన్నారు. గరుకు కాగితంతో రుద్ది చూపించారు, మావి బాగున్నాయి.

పని నా కళ్లముందే జరిగింది. కోయడానికి ముందు పాత పైపును బల్ల మీద పరిచి, రెండు ఇనుప చివరలూ ఏ వైపు తిరిగి ఉన్నాయో ఆకురాయితో ఒక గీత గీశారు. ఆ గీతలు మళ్లీ ఎదురెదురుగా రాకపోతే గొట్టం మెలితిరిగి బిగుస్తుంది, మెలి తిరిగిన గొట్టం ఒత్తిడి వచ్చినప్పుడల్లా విప్పుకోవాలని చూస్తుంది, పక్కన ఉన్నదానికి రాసుకుంటుంది. పాత క్యాపు కోసి తీసినప్పుడు లోపలి రబ్బరు గోటితో నొక్కితే గుంట పడలేదు, పెళ్లున పెచ్చు ఊడింది. మా ఊరి మే నెల ఎండలు, ఆ పక్కనే సెగలు కక్కే ఇంజిన్. పన్నెండేళ్లు నిలవడమే ఎక్కువ. కొత్త గొట్టాన్ని పాతదాని పొడవుకు సరిగ్గా కోసి, లోపల గాలి కొట్టి రబ్బరు పొట్టు పోగొట్టి, క్యాపు తొడిగి యంత్రంలో పెట్టారు. చుట్టూ ఎనిమిది దవడలు ఒక్కసారిగా నొక్కుతాయి. తీసి వెర్నియర్ పెట్టి క్యాపు మందం మూడు చోట్ల కొలిచి, చాలదని ఇంకోసారి కొద్దిగా నొక్కారు. తక్కువ నొక్కితే కారుతుంది, ఎక్కువ నొక్కితే లోపలి రబ్బరు తెగుతుంది.

మార్కు కోసింది ఇక్కడే. ఆయన దగ్గర ఒత్తిడి పెట్టి పరీక్షించే పంపు ఉంది. గోడ వారన, దుమ్ము పట్టి. అడిగితే గానీ వాడలేదు. ‘నా చేతి పని నాకు తెలియదా’ అన్నారు. నాకు తెలియదు కదా బాబాయి గారూ అన్నాక, కొంచెం ముఖం మాడ్చుకునే పైపుకు తగిలించి ముల్లు 150 బార్ దాకా లేపారు. కాసేపు అక్కడే నిలిపితే ముల్లు కదలలేదు, చుక్క రాలేదు. ప్రాణం మీదికి వచ్చే భాగానికి ఈ పరీక్ష అడక్కుండానే చేయాలి. మీరు వెళ్తే మొహమాటపడకుండా అడగండి, చేస్తారు. రాతపూర్వకమైన గ్యారంటీ కూడా లేదు. ‘ఆరు నెలల్లో ఏం వచ్చినా తీసుకురా’ అన్న మాటే గ్యారంటీ. ఆడవాళ్లు వెళ్లడానికి ఆ వరసలో ఎక్కడా మరుగుదొడ్డి లేదని కూడా ఇక్కడే రాసి పెడుతున్నాను. ఆటోనగర్ మొత్తానికి ఉన్న లోపం అది, ఈ ఒక్క దుకాణానిది కాదు.

బిగించేది ఈ దుకాణం వాళ్లు కాదు. రెండు షెడ్ల అవతల ఒక ఫిట్టరు ఉన్నాడు, ఆయన మనిషే. చేతివాటం మంచిది, మాట తక్కువ. పంపు దగ్గర బోల్టుకు పైన ఒకటి, కింద ఒకటి రాగి వాషర్లు ఉంటాయి. పాతవే మళ్లీ వేస్తే సగం లీకులు తిరిగి వస్తాయట. ఒకసారి నలిగిన రాగి మళ్లీ సరిగ్గా కూర్చోదు. కొత్తవి వేశాడు. రిటర్న్ పైపు కూడా మార్చమని చెప్పింది బాబాయే. మెత్తగా ఉండాల్సిన గొట్టం వంచితే సన్నటి పగుళ్లు నోరు తెరిచాయి. దీనికి రేడియేటర్ గొట్టం వేసేవాళ్లున్నారు. నీళ్లకు పనికొచ్చే రబ్బరు నూనెకు ఉబ్బి, మెత్తబడి, క్లిప్పు దగ్గర జారిపోతుంది. క్లిప్పులు కూడా మార్పించాను, పాతవి చేత్తోనే తిరుగుతున్నాయి.

తర్వాత గాలి తీయడం. చాలాచోట్ల ఈ మెట్టు ఎగ్గొట్టి, ‘నడిపితే అదే పోతుంది’ అంటారు. ఇక్కడ ముందు చక్రాలు రెండూ నేల నుంచి లేపి స్టాండ్ల మీద పెట్టి, ఇంజిన్ ఆపి ఉంచే, స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి నెమ్మదిగా చాలాసార్లు తిప్పించారు. డబ్బాలో నూనె తగ్గినప్పుడల్లా పోస్తూ వచ్చారు. బుడగలు ఆగాకే ఇంజిన్ స్టార్ట్ చేయనిచ్చారు. మళ్లీ తిప్పి, ఆపి, నూనె రంగు చూశారు. గాలి కలిసి ఉంటే నూనె లేత గులాబీ రంగులో నురగలా ఉంటుంది. ఆ నురగతో నడిపితే పంపు అరుస్తుంది, అరిచిన పంపు అరుగుతుంది. పాత నూనె మొత్తం పోయేదాకా రిటర్న్ పైపును సీసాలోకి వదిలి కడిగారు. పల్చటి చుక్కగా ఎర్రగా కనిపించిందే గానీ, సీసాలో చూస్తే డికాషన్ కంటే నల్లగా ఉంది.

నూనె నేనే కొనుక్కుని వెళ్లాను. డబ్బా మూత మీద, బండి పుస్తకంలో ఏ రకమో రాసి ఉంటుంది. అదే తీసుకోవాలి. కొన్ని యూరప్ కంపెనీల బండ్లకు ఆకుపచ్చ రంగు హైడ్రాలిక్ నూనె వేరే ఉంటుంది, దాన్నీ ఎర్రదాన్నీ కలపకూడదు. అన్నిటికంటే ప్రమాదం, తొందరలో ఎవరైనా బ్రేకు ఆయిల్ పోయడం. దానికీ ఈ సీళ్ల రబ్బరుకూ పడదు, సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి. అప్పుడు ఆ 38,500 రూపాయల కాగితం నిజమవుతుంది. లీకు ఆపే మందు అంటూ సీసాల్లో అమ్మేవి కూడా ఉన్నాయి. ఎండిపోయిన సీలును కొద్దిగా ఉబ్బించి కొన్నాళ్లు ఆపగలవేమో గానీ, పెచ్చులూడిన గొట్టాన్ని ఏ మందూ అతికించలేదు.

లెక్క ఇది: ప్రెజర్ పైపు కొత్త గొట్టం, క్యాపులు, నొక్కినందుకు 2,400, రిటర్న్ గొట్టం క్లిప్పులతో 450, రెండు లీటర్ల నూనె 840, రాగి వాషర్లు 40, ఫిట్టరు కూలి 900. మొత్తం 4,630 రూపాయలు. పాత పైపు అడగకుండానే సంచిలో వేసి ఇచ్చారు. ఏసీ గదిలో కాఫీ ఇచ్చినవాళ్లు పాత సామాను ఎప్పుడూ చేతికివ్వలేదు.

స్టీరింగ్ ఎలా ఉందంటే, బ్రాడీపేటలో అమ్మ వాళ్ల గేటు ముందు ఇప్పుడు ఒక చేత్తో తిప్పి నిలుపుతున్నాను. మూలుగు పోయింది. పూర్తిగా చివరికి తిప్పినప్పుడు చిన్న బుస్సుమనే శబ్దం ఉంది, అది రిలీఫ్ వాల్వుది, ఆరోగ్యంగా ఉన్న బండిలో కూడా వస్తుంది. సెల్లారు టైల్స్ మీద కొత్త మరక లేదు. సెక్రటరీ గారి కాగితం మాత్రం ఇంకా బోర్డు మీదే ఉంది.

ఈ పని అయ్యాక అలవాటు చేసుకున్నవి కొన్ని. నెలకొకసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, డబ్బాలో నూనె మట్టం చూస్తాను. చల్లగా ఉన్నప్పటి గీత వేరు, వేడిగా ఉన్నప్పటి గీత వేరు, ఒకదాన్ని చూసి ఇంకోదాని వరకు పోస్తే పొంగి బెల్టు మీద పడుతుంది. నూనె పడిన బెల్టు జారుతుంది, జారితే బ్యాటరీ ఛార్జింగ్ కూడా దెబ్బతింటుంది. మట్టం తగ్గితే పోసి ఊరుకోకూడదు. అది మూసిన దారి, నూనె ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. గొట్టాలను వేళ్లతో నొక్కి చూస్తాను. గట్టిపడినా, ఉబ్బినట్టున్నా, జిడ్డుగా ఉన్నా కబురు వచ్చినట్టే. కారిన నూనె వేడి సైలెన్సరు గొట్టం మీద పడితే పొగ, ఒక్కోసారి మంట. ఆగి ఉన్న బండిలో కూర్చుని ఊరికే స్టీరింగ్ తిప్పే ఆట మా చిన్నవాడికి మాన్పించాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నీళ్లలో నిలిచిపోయిన బండ్లు కొని నడుపుతున్నవాళ్లు ఒక్కసారి ఆ డబ్బా మూత తీసి చూసుకోండి. నూనె పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే లోపల నీరు చేరినట్టు. ఆ నీటితో పంపు, ఇనుప గొట్టాలు లోపలి నుంచి తుప్పు పడతాయి. బాబాయి బల్ల మీద అలాంటి ప్రెజర్ పైపు ఒకటి చూశాను. పైకి కొత్తదానిలా ఉంది, కోస్తే లోపల ఇటుక పొడి.

సక్షన్ పైపు మాత్రం మార్చలేదు. ఇంకా మెత్తగానే ఉందని, ఇప్పుడు మార్చడం డబ్బు దండగని ఆయనే అన్నారు. అది గట్టిపడితే నూనె బయటికి కారదు, గాలిని లోపలికి పీలుస్తుంది. మరక ఉండదు, మూలుగు మాత్రం మళ్లీ వస్తుంది. వచ్చే మార్చిలో, ఎండలు ముదరకముందే, ఒకసారి చూపించుకోమన్నారు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా భోజనం, కునుకు. పది గంటలలోపు వెళ్తే జేసీబీల కంటే ముందు మీ బండి చూస్తారు.